గద్దలాంటి చెయ్యి

ఎమ్మిగనూరు నుంచి ఒక మగ్గం నేసే కుటుంబం అట్టపెట్టెలో రెండు గినీ పిగ్ పిల్లల్ని తెచ్చింది. ఆదోని చుట్టుపక్కల గొర్రెలకు, బర్రెలకు వైద్యం చేసే నా దగ్గరికి ఇవి ఎప్పుడో గానీ రావు. "నెల దినాలాయ సార్, మచ్చికే కాలేదు. ముట్టుకుంటే చాలు అరుస్తాది" అంది ఎనిమిదేళ్ల పాప, ఏడుపు ఆపుకుంటూ.

అరిచే గినీ పిగ్ పిల్ల వెనక కాలి మోకీలు మీద వేలు ఆనించానో లేదో, కెవ్వుమంది. కీలు వాచి ఉంది. ఏం పెడుతున్నారని అడిగితే నానబెట్టిన శనగలు, జొన్నలు అన్నారు. పచ్చిది ఏదీ లేదు. మన ఒంటిలాగే గినీ పిగ్ ఒళ్లు కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు వీటికి ఉత్త ధాన్యం పెట్టి చూస్తే, విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు పట్టుకుంది. మనుషుల్లో ఆ జబ్బు గుట్టు తెలుసుకోవడానికి అది దారి చూపింది. నా బల్ల మీది పిల్లది పొగరు కాదు, నొప్పి. విటమిన్ సి చుక్కలు రాసిచ్చి, రోజూ కొత్తిమీర, చిన్న జామకాయ ముక్క, కడుపునిండా గరిక పెట్టమన్నాను. గరిక పత్తి చేల గట్ల మీద మాత్రం కోయొద్దన్నాను, అక్కడ మందు కొడతారు.

రెండో పిల్ల అరవలేదు. అరచేతిలో బొమ్మలా ఉండిపోయింది. "ఇది మంచిది సార్, ఎంతసేపు పట్టుకున్నా కదల్దు" అన్నాడు తండ్రి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. నా వేళ్ల కింద దాని గుండె దడదడలాడుతోంది. వీటి పూర్వీకులు దక్షిణ అమెరికా గడ్డి నేలల్లో బతికినవి. పైన గద్ద కనిపిస్తే పరుగెత్తాలి, లేదా బిగుసుకుపోవాలి. పైనుంచి దిగే మన చెయ్యి దానికి గద్దే. ఆ బిగుసుకుపోవడాన్ని మనం ప్రేమ అనుకుంటాం.

ఇంతకుముందు ఆదోనిలో ఒక అబ్బాయి అలాగే అనుకుని, తన గినీ పిగ్‌ని నిలబడే గుండెలకు హత్తుకున్నాడు. అది ఉన్నట్టుండి దూకి గచ్చు మీద పడింది. నడుము విరిగింది. ముందుకాళ్లతో ఈడ్చుకుంటున్న దాన్ని చూపించి "నయమైతాది కదా సార్" అని అడిగాడు. నేను అవునని చెప్పలేకపోయాను.

అప్పటినుంచి ఎవరొచ్చినా ముందు నేల మీద కూర్చోబెట్టి నేర్పుతాను. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకొకటి పిరుదుల కింద. కాళ్లు గాలిలో వేలాడకూడదు. మెడ తోలు పట్టి ఎత్తకూడదు, పొట్ట నొక్కకూడదు. గినీ పిగ్ పిల్లలు కళ్లు తెరిచి, బొచ్చుతో పుట్టి, ఒకటి రెండు రోజులకే గడ్డి కొరుకుతాయి కాబట్టి పెద్దవైపోయాయనుకుంటారు గానీ, మూడు వారాలైనా తల్లి దగ్గరే ఉండాలి.

పాపకు ఒకటే చెప్పాను. కొన్నాళ్లు ఎత్తొద్దు. దాక్కోవడానికి ఒక పెట్టె బోర్లించి పెట్టు. నేల మీద చెయ్యి చాపి, అరచేతిలో కొత్తిమీర పెట్టి కూర్చో. అదే రావాలి.

మూడు వారాలకు మళ్లీ వచ్చారు. వాపు తగ్గింది. "మగ్గం టకటకకు బెదరదు సార్. కొత్తిమీర కవరు గలగలమంటే చాలు, రెండూ కుయ్ కుయ్ అని ఈలేస్తాయి" అన్నాడు తండ్రి.

పాప తన అరచేతిని నాకు చూపించింది. "నొప్పిదే ముందొచ్చింది సార్. ఈడ కాలు పెట్టింది, ఆకు తీస్కోని పోయింది." కాసేపాగి, మెల్లగా అంది. "నేను పట్టుకోలేదు సార్."