మా యింటి రివాల్వరు

మా యింట్లో రివాల్వరు వున్నదంటే చదువరులు నన్ను చూచి జడుసుకోనక్కరలేదు. నేనొక వకీలుగారి ఆఫీసులో గుమాస్తాను. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, పగలంతా కన్నడంలో కాగితాలు వ్రాసి, సాయంత్రం యింటికి వచ్చి తెలుగులో పోట్లాడుకొనేవాణ్ణి. నలభై ఆరేళ్ళ వయస్సులో యింతవరకు దోమలను తప్ప యే ప్రాణినీ చంపి యెరుగను.

సంగతి మా తాతతో మొదలౌతుంది. ఆయన పలమనేరు దగ్గరి పల్లె నుంచి పొట్ట చేత పట్టుకొని బెంగుళూరు దండుకు వచ్చి, ఒక దొర బంగళాలో బేరరుగా కుదిరాడు. దొర బూట్లు, బెల్టు, రివాల్వరు – మూడూ మెరిపించే పని ఆయనదే. 1944లో ఒకనాడు ఆ రివాల్వరు కనబడలేదు. తాతను పట్టుకుపోయి రెండు రాత్రులు ఠాణాలో కూర్చోబెట్టారు. మూడోనాడు అది దొర హోల్డాలు మడతలోనే దొరికింది. "సరే, పోయి పని చూసుకో" అన్నారట. అంతే.

ఈ కథ తాత కోపంగా యేనాడూ చెప్పలేదు. వక్కలు కత్తిరిస్తూ చెప్పేవాడు. చేతిలోని అడకత్తెరే రివాల్వరు. "బొటనవేలితో యిక్కడ నొక్కితే గొట్టం యిట్లా కిందికి వంగుతుందిరా. వంగేసరికి ఆరు ఖాళీ తూటాలూ లేచి రాలిపోతాయి" అని అడకత్తెరను బార్లా విప్పి చూపేవాడు. చివర ఒక మాట తప్పకుండా అనేవాడు: "తోలు సంచిలో మాత్రం దాన్ని నిద్రపుచ్చరాదు." ఆయన పోయినప్పుడు నాకు పన్నెండేళ్ళు.

నాలుగేళ్ళ క్రితం మా వకీలుగారి కక్షిదారులు ఒక పాత బంగళా అమ్ముకొంటూ, సామాను జాబితా వ్రాయమని నన్ను పంపించారు. బీరువా అడుగున నూనెగుడ్డ చుట్టిన మూట వున్నది. విప్పి చూచి, "అడకత్తెర!" అన్నాను పైకే. పక్కనున్న పనిమనిషి నాకు మతి పోయిందనుకొన్నది.

అది వెబ్లీ, ఆరవ మార్కు. ఇంగ్లండులో బర్మింగ్‌హాం సరుకు. బ్రిటిషు సైన్యం యీ నమూనాను 1915లో స్వీకరించింది. దీని మీద 1917 అని కొట్టి వున్నది. ఆరంగుళాల గొట్టం, ఆరు గదుల సిలిండరు, .455 బోరు, కిలోకు పైగా బరువు. పిడి అడుగున తాడు కట్టుకొనే కడియం. బొటనవేలితో మీట నొక్కితే, తాత చెప్పినట్టే, నడుము విరిగి వంగింది.

తరువాత మూడు నెలలు నాకు అదే పిచ్చి. పుస్తకాలు తిరగవేశాను, సైన్యంలో ఆయుధాలు బాగుచేసి రిటైరైన ఒక పెద్దాయన వద్ద పాఠాలు చెప్పించుకొన్నాను. పాత రివాల్వరు కొనేవాడు మెరుపు చూచి మోసపోరాదట. సాన పట్టి మళ్ళీ నీలివన్నె పూసినదానికి అంచులు గుండ్రబడతాయి, చెక్కిన అక్షరాలు అలికినట్టు అవుతాయి. దీని అక్షరాలు గోటికి తగులుతున్నవి. చట్రం మీది నంబరూ సిలిండరు మీది నంబరూ ఒకటే. స్క్రూల గాళ్ళు చెదరలేదు. అమెరికాకు చేరిన వెబ్లీలలో చాలావాటికి సిలిండరు వెనుకభాగం అరగదీసి అక్కడి .45 తూటా పట్టేటట్టు చేశారు. దీనికి ఆ గతి పట్టలేదు. గొట్టం కొసన మాత్రం నీలం పోయి తెల్లబడింది. ఒరలో రాసుకొని పోయిన వన్నె అది, దానికి వంక పెట్టరు. ఇంత చక్కగా యెట్లా నిలిచిందంటే, తోలు ఒరలో కాక నూనెగుడ్డలో వున్నందుకు. తోలు తేమ పట్టి వుంచుతుంది, పదును చేసిన మందులు ఉక్కును తింటాయి అన్నాడు పెద్దాయన. తాత మాటకు యిన్నేళ్ళ తరువాత అర్థం దొరికింది.

చట్టం సంగతి చెప్పకపోతే వకీలుగారు వూరుకోరు. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షను ప్రకారం, పాతకాలపుదై, మరమ్మతు చేసినా చేయకున్నా పేలే అవకాశం లేనిదానికే లైసెన్సు పట్టింపు లేదు. పాతదైనంత మాత్రాన చాలదు. దీని గొట్టంలో యెన్నడో ఉక్కు కడ్డీ దించి వెల్డింగు చేశారు, గదులు పూడ్చారు, గుర్రం ముక్కు అరగదీశారు. అయినా పోలీసు కార్యాలయానికి అర్జీ పెట్టి, వారి మనిషి పరీక్షించి పనికిరాదని వ్రాసి యిచ్చిన తరువాతనే డబ్బు చెల్లించాను. ఇట్లా గొట్టం పూడ్చితే విలువ సగం పోయిందని నిజమైన సేకర్తలు ముక్కు విరుస్తారు. విరవనీ! గుమాస్తా కొంపలో చచ్చిన పులే మేలు. నా చేతి జాబితాలోని వస్తువును నేనే కొనడం బాగుండదు గనుక, ధర కూడా వేరొకరిచేత కట్టించమన్నాను. నా రెండు నెలల జీతానికి వచ్చింది.

ఆ డబ్బు చీటీ పాడి తెచ్చినది, మిద్దె మరమ్మతుకు. "ఏమండీ, వాన కురిస్తే దీన్ని నెత్తిన పెట్టుకొంటారా?" అన్నది మా ఆవిడ. నా వద్ద జవాబు లేదు. ఆ యేడు వానలకు హాలులో రెండు బేసిన్లు పెట్టుకొన్నాము.

నాయనకు యెనభై దగ్గరపడుతున్నవి. ఒళ్ళో పెడితే కళ్ళద్దాలు సవరించుకొని చాలాసేపు త్రిప్పి చూశాడు. మీట ఆయనే నొక్కాడు, ఆయనకెవరూ చూపలేదు. "దీనికోసమేనా మా నాయనను రెండు రాత్రులు కూర్చోబెట్టినారు?" అన్నాడు.

"ఇది కాదు నాయనా, యిట్లాంటిది."

"అదేలే" అని మూసి నా చేతికిచ్చాడు. ఆ పూట అన్నం సగంలో లేచాడు.

మొన్న ఆయుధపూజనాడు కుట్టుమిషనుకూ, పిల్లవాడి సైకిలుకూ బొట్టు పెడుతూ, మా ఆవిడ నన్నడగకుండానే దీనికీ పసుపు కుంకుమలు పెట్టి, పక్కనే తాత అడకత్తెర కూడా వుంచింది. హారతి అయ్యేవరకు వూరుకొన్నాను. తడి పసుపు ఉక్కు మీద వుంటే మచ్చ పడుతుంది. అందరూ భోజనాలకు లేచిన తరువాత మెత్తని గుడ్డతో తుడిచి, నూనె అద్ది, రెండింటినీ ఒకే మూటలో కట్టి బీరువాలో పెట్టాను.