నేను దిద్దిన పుట

ప్రతి సంవత్సరమును మన పాఠశాల సంచికకు ఏదో యొక నీతివ్యాసము వ్రాసి యిచ్చుట నాకు వాడుక. ఈ తడవ నీతి బోధించుటకు నాకు మనసొప్పలేదు. నేను చేసిన యొక తప్పును మీ యెదుట నుంచి, దానివలన నేను నేర్చుకొనిన పాఠమును చెప్పుటయే మేలని తోచినది. చదువు ముగించి పని వెదకబోవు బాలబాలికలకును, వారి బ్రదుకుతెరువును గూర్చి చింతించు తల్లిదండ్రులకును ఇది కొంత యుపయోగపడునని నమ్ముచున్నాను.

నేను 2003వ సంవత్సరమున ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను విడిచితిని. ఆ దినములలో ఉద్యోగము వెదకుట యనగా కాళ్ళకు పని. పత్రికలలోని ప్రకటనలు కత్తిరించి దాచుట, సర్టిఫికెట్లకు నకళ్ళు తీయించి గెజిటెడు అధికారి సంతకమునకై కాచియుండుట, ఆ కాగితముల కట్టను చంక నిడుకొని యెఱ్ఱ బస్సులో కర్నూలునకును కడపకును తిరుగుట - ఇదియే మా యన్వేషణము. తుదకు నాకు పని తెచ్చిపెట్టినవి నా మార్కులు కావు. చిన్ననాట నాకు చదువు చెప్పిన ప్రధానోపాధ్యాయుడొకరు తన చేతితో వ్రాసి యిచ్చిన యరపుట యుత్తరము. అందు ముఖ్యమైనవి రెండే వాక్యములు: "ఇతడు తరగతికి ఆలస్యముగా రాడు. తెలియని దానిని తెలిసినట్లు చెప్పడు." ఆ కాగితము నేటికిని నా పెట్టెలో నున్నది.

నే నట్లు బస్సులలో తిరుగుచున్న యా సంవత్సరముననే, మే నెలలో, అమెరికా దేశమున లింక్డిన్ అను ఉద్యోగస్థుల సమాజము ఇంటర్నెట్టునందు ప్రారంభమైనదని నాకు తరువాత తెలిసినది. మన దేశమున నౌకరీ డాట్ కామ్ 1997లోనే మొదలైయుండెను. వీటి కన్నిటికిని మూలమైన వరల్డ్ వైడ్ వెబ్‌ను 1989లో స్విట్జర్లాండునందలి సెర్న్ పరిశోధనాలయమున టిం బెర్నర్స్-లీ అను నాంగ్లేయుడు ప్రతిపాదించెను. తొలి వెబ్‌సైటు 1991లో వెలువడెను. ఇది యంతయు మనకు దూరపు మాట యని తలంపరాదు. 2016లో మైక్రోసాఫ్టు సంస్థ 2,620 కోట్ల డాలర్లకు లింక్డిన్‌ను కొన్నప్పుడు, ఆ సంస్థకు అధిపతి సత్య నాదెళ్లగారు. వారి తండ్రి యుగంధర్‌గారు మన రాయలసీమలోని అనంతపురము జిల్లావారు.

పూర్వము మన గుణమును గూర్చి ఇతరులు వ్రాసి కవరులో నుంచి యిచ్చెడివారు. ఇప్పుడు మనలను గూర్చి మనమే వ్రాసికొని లోకమెల్ల చూచునట్లు ఉంచుచున్నాము. భేద మిదియే. ఈ భేదములోని యపాయమును నేను ముందుగా గ్రహింపలేదు.

నా పూర్వవిద్యార్థి యొకడు బేతంచెర్ల ప్రాంతమువాడు. ఆ యూరు పూర్వము కర్నూలు జిల్లాలోనిది. 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరినది. అచ్చటి నాపరాయిని కోసి నునుపు చేయు ఫ్యాక్టరీలను మీలో ననేకులు చూచియుందురు. అతని తండ్రి అందొక దానిలో కూలి. ఇంటికి వచ్చునప్పటికి ఆయన కనుబొమలపై రాతిపొడి తెల్లగా నుండును. కుమారుడు ఆ పొడిలో బ్రదుకరాదని ఆయన కోరిక. కుఱ్ఱవాడు పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ముగించి, 2022లో ఒక సాయంకాలము నా యింటికి వచ్చి, తన సెల్‌ఫోను నా చేతి కిచ్చెను.

"సార్, నేనొక వెబ్‌సైటు చేసుకున్నాను. మీరు ఒకసారి చూచి దిద్దవలెను" అనెను.

గిట్‌హబ్ అను చోట రూపాయి ఖర్చు లేకుండ ఎవరైనను తమ పేర నొక పుట నిలుపుకొనవచ్చునని అతడు చెప్పగా నాకు వింతయైనది. పుట చిన్నది. పేరు, చదువు, తాను గీచిన యింటి పటము నొకటి, తమ యూరి చర్చి వరండాకు బండలు పరచినప్పటి ఫోటోలు రెండు. వాటి క్రింద, "సెలవులలో మా నాయనతో కూడ ఫ్యాక్టరీలోను, బండలు పరచు మేస్త్రీ వద్దను సుమారు ఆరు నెలలు పని చేసితిని. ఆటోక్యాడ్ నేర్చుకొనుచున్నాను" అని యుండెను.

నాకు దిద్దుటయన్న నభ్యాసము. అక్షరదోషములు రెండు సవరించితిని. అంతటితో నాగియుండిన బాగుండెడిది. ఈ పుట చాల పేలవముగా నున్నదని తోచినది. "ఆరు నెలలు" అనుదానిని "రెండేండ్ల యనుభవము" అని మార్చుమంటిని. "నేర్చుకొనుచున్నాను" అనుదానిని కొట్టివేసి "నిపుణుడను" అని వ్రాయించితిని.

అతడు తటపటాయించెను. "అంత లేదు కదా సార్?"

"నాయనా, మన సీమ పిల్లలు ఇట్లు తగ్గి చెప్పుకొనియే వెనుకబడుచున్నారు. అందరును ఇట్లే వ్రాయుదురు" అంటిని.

పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచిన వానిని నిలువబెట్టిన యుపాధ్యాయుడను నేను. ఆ నేనే చెప్పగా అతడు కాదనలేక వ్రాసెను.

రెండు నెలలకు బెంగుళూరునందలి యొక నిర్మాణ సంస్థవారు అతనిని పిలిచిరి. తండ్రి అప్పు చేసి క్రొత్త చొక్కాయి కొనిపెట్టెను. పరీక్షించిన పెద్దమనిషి కంప్యూటరు మీద రెండు పుటలను ప్రక్క ప్రక్కన తెరచెనట. లింక్డిన్ పుటలో డిప్లొమా 2019 నుండి 2022 వరకు అని యున్నది. సొంత వెబ్‌సైటులో రెండేండ్ల యనుభవము. "చదువుచున్నప్పుడే రెండేండ్లు పని యెట్లు చేసితివి? ఈ రెంటిలో నేది నిజము?" అని యాయన యడిగెను. కుఱ్ఱవాడు నిజము చెప్పెను. తరువాత తెలియజేయుదుమని మర్యాదగానే పంపివేసిరి. మరల పిలుపు రాలేదు.

డోన్‌లో రైలు దిగి యతడు నేరుగా నా యొద్దకే వచ్చెను. "మా మాస్టరు వ్రాయించెనని చెప్పకపోతివా?" అని యడిగితిని. "మీ పేరు ఎట్లా చెప్తాను సార్?" అనెను. ఇరువది యేండ్ల యుపాధ్యాయ వృత్తిలో నన్నంతగా తల వంపించిన మాట వేరొకటి లేదు.

కథ యంతటితో ముగియలేదు. ఒక నెల గడచిన పిమ్మట అతని తండ్రి మా యింటి వాకిట నిలిచెను. "సారూ, కువైటులో సూపర్‌వైజరు పనంట. నలభై వేలు కట్టేస్తే వీసా వస్తాదంట. ఐదు వేలు కట్టినాం. ఇంగ పదైదు వేల దుడ్లు తక్కువ పడినాయి" అనెను. కడప ప్రాంతమున రాయచోటి, రాజంపేట వైపు నుండి కువైటుకు పోయి యిండ్లు కట్టుకొనిన కుటుంబము లెన్నియో కలవు గనుక ఆయన నమ్ముటలో వింత లేదు. వాట్సాపులో వచ్చిన యా సందేశమును నేను చదివితిని. అందు మొదటి వాక్యమే నా గుండెలో గ్రుచ్చుకొనెను: "మీ వెబ్‌సైటు చూచితిమి. మీ రెండేండ్ల యనుభవము మాకు నచ్చినది." నేను కల్పించిన యబద్ధమును నమ్మినట్లు నటించినది ఆ మోసగాడొక్కడే.

విదేశములకు పనివారిని పంపు నేజెంటు ప్రభుత్వము వద్ద నమోదై యుండవలెనని 1983వ సంవత్సరపు ఎమిగ్రేషన్ చట్టము విధించినది. నమోదైన వారి పేర్లను ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వ వెబ్‌సైటునందు ఎవరైనను చూడవచ్చును. మేము ముగ్గురము కూర్చుండి వెదకితిమి. ఆ పేరు అందు లేదు. సైబరు మోసములకై యేర్పరచిన 1930 అను నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించితిమి. కట్టిన యైదు వేలును తిరిగి రాలేదు, మిగిలినది దక్కినది. తరువాత 2024 మే నెలలో, ఉద్యోగముల యాశ చూపి మన రాష్ట్రపు యువకులను కాంబోడియాకు పంపి అచ్చట వారిచే సైబరు మోసములు చేయించిన ముఠా యేజెంట్లను విశాఖపట్టణపు పోలీసులు పట్టుకొనిరను వార్త చదివినప్పుడు, పోయినది ఐదు వేలే గదా యని దేవునికి వందనములు చెల్లించితిని.

ఆ రాత్రియే పుటను తిరిగి వ్రాయ గూర్చుంటిమి. ఈ మారు నేను ఎఱ్ఱ సిరా కలమును బయట పెట్టలేదు. అతడే చెప్పెను, నేను వింటిని. "ఆరు నెలలు" తన చోటికి వచ్చెను. వరండా ఫోటోల క్రింద కొలతలు, పట్టిన బండల లెక్క, అయిన ఖర్చు వివరముగా చేర్చెను. తాను చేసిన దేదియో, మేస్త్రీ చేసిన దేదియో విడివిడిగా వ్రాసెను. చివరకు కొంత యాలోచించి, "ఒక మూల వాటము నేను తప్పుగా చూచితిని. వాన కురిసిన పిమ్మట అచ్చట నీరు నిలిచెను. రెండు వరుసల బండలు లేపి మరల పరచవలసి వచ్చెను" అని కూడ వ్రాసెను. ఈ వాక్యము వద్దని నా నాలుక చివరి వరకు వచ్చినది, మ్రింగితిని.

పుట నుండి తీసివేసినవియు కొన్ని కలవు. పుట్టిన తేది, ఇంటి చిరునామా, తండ్రి ఫోను నంబరు తొలగించితిమి. ఆధారు కార్డు పటమును ధైర్యమునకని సర్టిఫికెట్లతో కూడ ఉంచియుండెను; అది మోసగానికి మన యింటి తాళపుచెవి నిచ్చుటయే యగును. ఉత్తరము వ్రాయగోరువారికి ఒక ఈమెయిలు చిరునామా చాలును. ఫేస్‌బుక్కులో సినిమా నటుల యభిమానుల తగవులందు తాను వ్రాసిన పరుషవాక్యములను అతడు తానే వెదకి తుడిచివేసెను. పని యిచ్చువారు వాటిని కూడ చదువుదురు. లింక్డిన్‌లో వచ్చిన వారినెల్ల పని యిప్పింపుడని వేడుకొనుట మాని, బండల పనిని గూర్చి యింజనీర్లు వ్రాసిన విషయముల క్రింద తెలిసినది చెప్పుచు, తెలియనిది అడుగుచు వచ్చెను. క్రమముగా నలుగురు అతనిని పేరుతో నెరుగసాగిరి.

ఐదు నెలల పిమ్మట నంద్యాలలో ఇండ్లు కట్టించు ఇంజనీరొకరు అతనికి ఫోను చేసిరి. ఆయన డిప్లొమాను గూర్చి అడుగలేదట. "ఆ మూల వాటము మరల నెట్లు సరిచేసితిరి?" అని యడిగిరట. పావుగంట సేపు మాటాడి పనిలో చేరుమనిరి. జీతము బెంగుళూరువారు ఇయ్యదలచిన దానికంటె తక్కువ. ఇంటికి దగ్గర. నేటికిని అచ్చటనే యున్నాడు.

గడచిన వేసవిలో నేను కడపకు పోయినప్పుడు బ్రౌను గ్రంథాలయమును దర్శించితిని. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కంపెనీ యుద్యోగిగా కడపకు వచ్చినప్పుడు తెలుగున ఇంకను విద్యార్థియే. సొంత ధనముతో పండితులకు జీతములిచ్చి, తాళపత్రములను సేకరించి, ప్రతులు వ్రాయించెను. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడెను. ఆయన యింటి స్థలమున నేడు గ్రంథాలయము నిలిచియున్నది. తాను నిపుణుడనని ఆయన వ్రాసికొన్న మాటను చూచి ఎవరును అచ్చటికి పోవుటలేదు. చేసిన పనిని చూచి పోవుచున్నారు. మా కుఱ్ఱవాని వరండా ఆ నిఘంటువునకు సాటి యని నేననను. పనిని చూపుట యను మార్గము మాత్రము ఇరువురకును ఒక్కటే.

బాలబాలికలారా, పదునారేండ్లు నిండనివారు లింక్డిన్‌లో చేరరాదని ఆ సంస్థ నియమము. తొందర లేదు. అందాక నొక నోటుపుస్తకము పెట్టుకొనుడు. మీరు చేసిన పనిని - ఒక విజ్ఞాన ప్రదర్శన నమూనా గాని, ఒక కుట్టుపని గాని, తండ్రికి కూర్చియిచ్చిన లెక్క గాని - తేదితో సహా వ్రాసి యుంచుడు. ఎవరు సాయపడిరో వ్రాయుడు. ఎచ్చట తప్పితిరో వ్రాయుడు. రేపు మీ వెబ్‌సైటునకు అదియే సామగ్రి. తల్లిదండ్రులారా, పని యిచ్చెదమని చెప్పి ముందుగా సొమ్మడుగువానికి ఒక్క రూపాయియు నీయక, ముందు విచారింపుడు. నా తోడి యుపాధ్యాయులారా, పిల్లలు మన మాటను కాదనలేరు; కలము పట్టునప్పుడు దీనిని జ్ఞప్తియందుంచుకొందము.

మొన్న క్రిస్మసు పండుగకు ఆ కుఱ్ఱవాడు వచ్చి, తన పుటలో నన్ను గూడ రెండు మాటలు వ్రాయుమని కోరెను. నాకు నా పెట్టెలోని పాత యుత్తరము గుర్తు వచ్చినది. చాలసేపు ఆలోచించి ఇట్లు వ్రాసితిని: "ఇతడు కొలతలు స్వయముగా తీసికొనును. తెలియని దానిని తెలియదని చెప్పును. ఒకప్పుడు నేను వేరుగా చెప్పుమన్నందుకు నష్టపోయెను."

చివరి భాగమును తీసివేయుదునా సార్ అని యతడడిగెను. ఉండనిమ్మంటిని.