వంటగట్టునకు ఏ రాయి?

ప్రజ్ఞాపూరులో కట్టించుకొనుచున్న మా ఇంటి వంటగట్టునకు ఏ రాయి వేయింపవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, ఇంటివారి చూపు తెల్లని పాలరాతిపై నిలిచినను, నేను గ్రానైటునే కోరితిని. పాలరాయియు, తాండూరు బండయు ప్రధానముగా కాల్షియం కార్బొనేటుతో నేర్పడినవి గావున, చింతపులుసో నిమ్మరసమో ఒలికి కాసేపు నిలిచినచో, ఆ పులుపునకు నునుపు చెడి, ఎంత తోమినను పోని మచ్చ మిగులును. చారు పెట్టని దినమున్నదా మన ఇండ్లలో! ఇక గ్రానైటుల విషయమునకు వచ్చిన, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీలో బ్రాంజైటు స్ఫటికములు బంగరు రవ్వలవలె మెరయుట మనోహరమే. అయినను రాజీవ్ రహదారి వెంట కరీంనగర ప్రాంతపు గనులనుండి వచ్చు టాన్ బ్రౌన్, పసుపు మరకను, నూనె జిడ్డును ఓర్చుకొను ఆ ముదురు గోధుమవన్నె రాయి, నా మనస్సునకు నచ్చినది. కొనువారు మాత్రము బండపై నీళ్లు చల్లి కొంతసేపు చూడుడు; తడి లోనికింకి రంగు ముదిరినచో దానికి సీలరు పూత తప్పదు.