బాపులపాడు పెరళ్లలో తెల్ల చిక్కుడు

విజయవాడ నుండి ఏలూరు వెళ్లే జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణిస్తే హనుమాన్ జంక్షన్ వస్తుంది. దానిని ఆనుకొనే బాపులపాడు ఉంది. ఇక్కడ నుండి ఉత్తరంగా చీలిన రోడ్డు నూజివీడుకు పోతుంది. నూజివీడు పేరు పెట్టుకున్న రైల్వే స్టేషను కూడా నూజివీడులో లేదు, ఈ జంక్షన్ దగ్గరే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది, బాపులపాడు కృష్ణా జిల్లాలోనే మిగిలింది. జిల్లాలు వేరైనా నేల మాత్రం ఒకటే. దక్షిణాన కాలువ కింద వరిచేలు, ఉత్తరాన ఎర్రనేలల మెట్ట, అందులో మామిడి తోటలు.

చిన్న రసాల పేరు ఎరుగని తెలుగువారు ఉండరు. అయితే తోట ఉన్నవారికే తోట. మామిడి కాపు ఏప్రిల్ నుండి జూన్ వరకే. ఆ మూడు నెలలూ కోతలకు, బుట్టలకు, లారీల ఎత్తుడుకు కూలి దొరుకుతుంది. తరువాత ఇల్లు గడవాలి గదా! అందుకే ఈ మండలంలోని సంఘాలను దర్శించినప్పుడు మేము తోటలకంటె పెరళ్లనే ఎక్కువగా చూశాము. సెంటు, సెంటున్నర స్థలంలో కూడా నాలుగు గుంజలు, పైన కంది కట్టెతో ఒక పందిరి, దాని మీద చిక్కుడు పాదు. మామిడి చెట్టు పూతకు వచ్చే జనవరిలో ఈ పాదు నిండుగా కాస్తూ ఉంటుంది.

చిక్కుడులో రకాలు చాలా ఉన్నాయి. ఊదా అంచు కాయ, పొట్టి కాయ, వెడల్పు కాయ. మేము చెప్పేది తెల్ల పూత, తెల్ల గింజ గల పందిరి చిక్కుడు. లేతగా ఉంటే కాయ కూరకు వస్తుంది. ముదిరితే తొక్క తీసేసి గింజ వండుకుంటారు. చిత్తూరు వైపువారు అనపగింజలు అనేవి, బెంగళూరులో చలికాలపు సంతలలో అవరెకాయ అని అమ్మేవి కూడా ఈ కుటుంబానివే.

తొలకరి పడ్డాక జూన్, జూలైలలో గుంట తీసి, చివికిన పశువుల ఎరువు కలిపి, మూడు గింజలు రెండు అంగుళాలకు మించని లోతులో పెడతారు. బలమైన మొక్కలు రెండు ఉంచి మిగిలినది తీసివేయాలి. గింజ నాటిన చోట నీరు నిలువకూడదు. దీని వేళ్లకు ఉండే బొడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి గనుక యూరియా అక్కరలేదు. ఎక్కువ వేస్తే ఆకు పెరుగుతుంది, పూత తగ్గుతుంది.

పాత పందిరి రకాలకు ఒక గుణం ఉంది. పగటి పొద్దు తగ్గితేనే గాని పూయవు. ముందుగా నాటినా వెనుకగా నాటినా దసరా దాటి పొద్దు కురచ అయిన తరువాతే పూత. పేనుబంక పడితే ఉదయం మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లుతారు. ఎక్కువైతే వేపగింజల కషాయం కొడతారు.

ఒక ఊరిలో గుడి వెనుక వీధిలో ఉండే వృద్ధురాలు, విధవరాలు, మాకు తన పందిరి చూపించారు. 2024 సెప్టెంబరు మొదట కురిసిన పెద్ద వానలకు ఆమె పెరటిలో నీళ్లు నిలిచి, మొదటి పాదులు వేరు కుళ్లి చచ్చిపోయాయట. "మరి మళ్లీ విత్తనం ఎక్కడిదమ్మా?" అని అడిగాము.

"సగమే నాటుతానయ్యా. సగం సీసాలో ఉంచుతాను. అదీ తడిసినా పక్కిళ్లలో నా విత్తనమే ఉంది గదా, అడిగితే పెట్టరా?" అన్నారామె.

నీరు తీసిన తరువాత ఆమె రెండవసారి నాటారు. తీగ చిన్నదే అయినా డిసెంబరులో పూసింది. పొద్దును బట్టి పూసే గుణమే ఆమెను ఆదుకొన్నది. ఆ సంవత్సరం పందిరి సగమే నిండింది గాని కూరకు లోటు రాలేదని చెప్పారు.

విత్తనం కొరకు నిండుగా కాసిన తీగ మీద నిగనిగలాడే కాయలు కొన్ని కోయకుండా వదలాలి. అవి తీగ మీదనే ఎండి గలగలలాడాలి. గింజలు వలిచి, నీడలో ఆరబెట్టి, బూడిదలో గాని ఎండిన వేపాకులో గాని కలిపి మూత గట్టిగా పెడితే పుచ్చు పట్టదు. చిక్కుడు చాలామట్టుకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది గనుక దాచిన గింజ తల్లి పాదులాగే కాస్తుంది.

పచ్చి గింజలు ఎండు రొయ్యలతో వండితే ఆ రుచి వేరు. వంకాయతోను, టమాటాతోను కూడా బాగుంటాయి. ఎండు గింజలు మాత్రం రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో మెత్తగా ఉడికించాలి. ఉడికిన నీళ్లు కూడా వంపేయాలి. సరిగా ఉడకని ఎండు గింజ కడుపుకు కీడు. మాంసకృత్తులు బాగా ఉన్నాయి గనుక ఎదిగే పిల్లలకు, బాలింతలకు మంచి ఆహారం.

1841లో బందరులో దిగిన ఫాక్స్, నోబుల్ దొరల కాలం నుండి కృష్ణా జిల్లాలో సువార్త పని సాగుతూ ఉంది. మన గుళ్లలో కోత పండుగ ఆరాధన కూడా పాతదే. బస్తా ధాన్యం తెచ్చేవారు తెస్తారు. చేట నిండా చిక్కుడుకాయలు తెచ్చేవారు తెస్తారు. వేలం పాటలో ఆ చేట ధర ఎంత పలికినా బల్ల మీద దాని స్థానం దానిదే. దావీదు అబ్షాలోముకు వెరచి మహనయీముకు వచ్చినప్పుడు బర్జిల్లయి మొదలైనవారు తెచ్చిన ఆహారంలో చిక్కుళ్లు కూడా ఉన్నాయని 2 సమూయేలు 17వ అధ్యాయంలో చదువుతాము. ఆ దేశపు చిక్కుడు మన చిక్కుడు కాదు, బాక్లా జాతిది. అయినను అలసినవారి ఆకలి తీర్చిన ఆహారమే.

ప్రసంగి 11వ అధ్యాయంలో ఏడుగురికి, ఎనమండుగురికి పంచమన్న మాటకు కారణం కూడా అక్కడే ఉంది. ఏ కీడు ఎప్పుడు వస్తుందో మనకు తెలియదు. ఆ తల్లి విత్తనాన్ని పక్కిళ్లకు పెట్టినది దానం మాత్రమే కాదు, తన ఇంటికి భద్రత కూడా. ప్రియ సహోదరీ, ఈ తొలకరికి మీ పెరటిలో ఒక గుంట తీయండి. గింజలు లేకపోతే పొరుగింట అడగండి. కాపు వచ్చాక రెండు ఇళ్లకు గుప్పెడేసి ఇవ్వండి.