సి-షిఫ్టు ఏ తారీఖుది?

గాజువాకలో టైము గంటల్లో చెప్పేవాళ్ళకంటే షిఫ్టుల్లో చెప్పేవాళ్ళే ఎక్కువ. "ఎ-షిఫ్టు దిగే వేళకి రా", "బి-షిఫ్టు అయ్యాక మాట్లాడదాం"... ఇదీ మా ఊరి గడియారం. పొద్దున్న 6 నుంచి 2 దాకా ఎ, 2 నుంచి 10 దాకా బి, రాత్రి 10 నుంచి మర్నాడు 6 దాకా సి. సోమవారం రాత్రి డ్యూటీకెళ్ళి మంగళవారం తెల్లారి ఇంటికొచ్చిన మనిషిని ఏ రోజు డ్యూటీ అని అడగండి, తడుముకోకుండా "సోమవారం సి-షిఫ్టు" అంటాడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాసినవాళ్ళకీ ఇందులో సందేహం లేదు. షిఫ్టు అర్ధరాత్రి దాటి సాగితే, దాటాక చేసిన గంటల్ని ముందు రోజు లెక్కలోనే వెయ్యాలని 57వ సెక్షన్లో రాసిపెట్టారు.

సందేహమల్లా మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకే :)

ఆ మధ్య ఇక్కడ ఓ లేబర్ కాంట్రాక్టరు వాడే హాజరు సాఫ్ట్‌వేరు చూడాల్సి వచ్చింది (పేరెందుకు లెండి). కారణం మా వీధిలో ఉండే ఓ బాబాయ్. "తెల్లార్లూ ఒళ్ళు హూనం చేసుకుని వస్తే, మీ కంప్యూటరు నన్ను రాలేదంటాదేటి బాబూ?" అని జీతం చీటీ చేతిలో పెట్టాడు. అందులో ఆరు రోజులు గైర్హాజరు. రోజుకింత అని తెచ్చుకునే మనిషికి ఆరు రోజులంటే ఇంటద్దె పోయినట్టే.

తీరా చూస్తే కథ ఇది. పాత వెర్షన్లో ఓఆర్‌ఎమ్ ఏమీ లేదు, నేరుగా మైఎస్‌క్యూఎల్. టేబుల్లో తేదీ, వచ్చిన టైము, వెళ్ళిన టైము అని మూడు కాలమ్‌లు, చివరి రెండూ టైమ్ టైపు. సి-షిఫ్టు వాళ్ళకి అక్కడి టైమ్‌కీపరు వెళ్ళిన టైము 30:00 అని కొట్టేవాడు. 22కి 8 కలిపితే 30, అంతే! మైఎస్‌క్యూఎల్ కిక్కురుమనకుండా తీసుకునేది. ఎందుకంటే దాని టైమ్ టైపు గడియారం ఒక్కటే కాదు, -838:59:59 నుంచి 838:59:59 దాకా పడుతుంది. 30 లోంచి 22 పోతే 8 గంటలు, జీతం సరిగ్గా వచ్చేది.

తర్వాత ఎవరో దాన్ని జావాలో, హైబర్నేట్ పెట్టి తిరగరాశారు. అదే కాలమ్‌ని లోకల్‌టైమ్‌కి మ్యాప్ చేశారు. పేరు చూస్తే రెండూ టైమే కదా మరి! కానీ లోకల్‌టైమ్‌కి 24 గంటలు దాటిన లోకం లేదు. 30:00 చదవడం దాని వల్ల కాదు. దాంతో ఇకమీద 06:00 అనే కొట్టాలని రూలు పెట్టి, పాత డేటా కూడా అలాగే మార్చేశారు. 6 లోంచి 22 పోతే -16. మైనస్ వచ్చింది కాబట్టి చెడ్డ రికార్డు, చెడ్డ రికార్డు కాబట్టి గైర్హాజరు. వారం రోజులు సి-షిఫ్టు పడినవాడికి ఆరు రోజుల కూలి గోవిందా. పెద్ద చదువులేవీ లేని ఆ టైమ్‌కీపరు లెక్కే మన వాళ్ళ లెక్కకంటే మెరుగ్గా ఉంది.

నన్నడిగితే ఈ గొడవకి మూలం ఇంగ్లీషు మాటే. తెలుగులో "ఎన్నింటికొచ్చావు?" వేరు, "ఎంతసేపు చేశావు?" వేరు. చిన్నపిల్లాడు కూడా ఒకదానికి బదులు ఇంకోటి చెప్పడు. టైమ్ అనే ఒక్క మాటలో రెండూ ఇరికించేసరికి ఒక్కో డేటాబేసు ఒక్కోలా అర్థం చేసుకుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్లో 2008 వెర్షన్ దాకా అసలు టైమ్ టైపే లేదు, వచ్చాక కూడా 24 గంటల లోపే. డాట్‌నెట్‌లో టైమ్‌స్పాన్‌ని (అది "ఎంతసేపు") తీసుకెళ్ళి దానికి మ్యాప్ చేసి, నెల మొత్తం 208 గంటలు దాచబోతే ఓవర్‌ఫ్లో అని మొత్తుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ 24:00:00 వరకూ ఒప్పుకుంటుంది, జావా లోకల్‌టైమ్ అదీ ఒప్పుకోదు. ఒరాకిల్‌లో విడిగా టైమ్ లేదు, డేట్ అన్నదాంట్లోనే సెకన్లతో సహా ఉంటుంది. 9.2 నాటి జెడిబిసి డ్రైవరు ఆ డేట్‌ని పేరుకి తగ్గట్టు వట్టి తేదీగా చదివి, టైము కోసి పారేసేది. మళ్ళీ 11.1లో గానీ దారికి రాలేదు. ఇన్నిటినీ ఒకే గాటన కట్టి "డేటాబేసు ఏదైనా మీకు అనవసరం" అని చెప్పే ఓఆర్‌ఎమ్ పుస్తకాలంటే నాకందుకే ఒళ్ళు మంట.

బాబాయ్ డబ్బులు మర్నెల వచ్చాయి. కానీ అదే సాఫ్ట్‌వేర్లో ఇంకో వింత కనబడింది. సర్వర్ని క్లౌడ్‌కి మార్చాక అక్కడ గడియారం యూటీసీ. మనకంటే 5:30 వెనక. పొద్దున్న 6 గంటల ఎ-షిఫ్టుకి 5:25కే వచ్చి పంచ్ కొట్టినవాడు యూటీసీ ప్రకారం ముందు రోజు 23:55కి వచ్చినట్టు. 5:35కి వచ్చినవాడు ఆ రోజే 00:05కి వచ్చినట్టు. రిపోర్టు యూటీసీ తేదీ ప్రకారం తీస్తే? ముందొచ్చినవాడికి గైర్హాజరు, వెనకొచ్చినవాడికి హాజరు! నెలంతా ఇలా నడిస్తే ఎవడైనా ముందొస్తాడా చెప్పండి.

పుట్టినరోజుల సంగతి ఇంకా ఘోరం. పుట్టిన తేదీకి టైముతో పనేముంది? అయినా జావా పాత డేట్ క్లాసులో పెడితే అర్ధరాత్రి 00:00 తగులుకుంటుంది, దాన్ని యూటీసీలో చదివితే ముందు రోజు 18:30. జులై 2న పుట్టినవాడు జులై 1న పుట్టినట్టవుతాడు. ఒక్కరోజేగా అనుకోకండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఎఫ్‌ఆర్ 56 అని ఒక రూలుంది. 1వ తారీఖున పుట్టినవాళ్ళు దాని ముందు నెలాఖరుకే రిటైరవుతారు, మిగతావాళ్ళు పుట్టిన నెలాఖరుకి. అంటే జులై 31 దాకా ఉండాల్సిన మనిషిని జూన్ 30న దండేసి పంపించేస్తారు. విచిత్రమేమిటంటే, బడిలో మాస్టారు వేసిన జులై 1 పుట్టినరోజు వాళ్ళకి మాత్రం ఏ నష్టమూ లేదు, జూన్ 30కి జరిగినా రిటైరయ్యేది ఆ రోజే :)

సర్వరు ఇండియాలోనే ఉంది కదా అని ధీమా వద్దు. యుద్ధం రోజుల్లో మన గడియారం గంట ముందుకి జరిపారు. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా 6:30. జావాకి ఏషియా/కోల్‌కతా అని చెబితే ఇది గుర్తుంటుంది, వట్టి +5:30 అని చెబితే ఉండదు. ఒకచోట అలా, ఇంకోచోట ఇలా పెడితే 1944లో పుట్టిన పెన్షనరు ముందు రోజు రాత్రి 11కి వెళ్ళిపోతాడు.

ఇంకా చిన్నాచితకా ఉన్నాయి. గేట్‌పాస్ గడువు 31వ తేదీ 23:59:59.999 అని ఇస్తే మైఎస్‌క్యూఎల్ మామూలు డేట్‌టైమ్ దాన్ని రౌండ్ చేసి 1వ తేదీ చేసేస్తుంది. దాని టైమ్‌స్టాంప్ 2038 జనవరి 19తో సరి, మన లెక్కలో పొద్దున్న 8:44:07కి.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. షిఫ్టు తేదీ అని విడిగా ఒక కాలమ్, వట్టి డేట్, జావాలో లోకల్‌డేట్. అది పంచ్ లోంచి లెక్కకట్టేది కాదు, డ్యూటీ చార్టు లోంచి వచ్చేది. పంచ్ పడిన క్షణం యూటీసీలో, తేదీ టైము కలిపి. హైబర్నేట్‌లో 2016 నాటి 5.2 నుంచి జెడిబిసి టైమ్‌జోన్ సెట్టింగు ఉంది, అది యూటీసీ అని రాసిపెడతాను, సర్వరు దయకి వదలను. షిఫ్టు మొదలయ్యే వేళకి లోకల్‌టైమ్. ఎంతసేపు అన్నది మాత్రం నిమిషాల్లో, మామూలు ఇంటిజరు. 480 అంటే ఏ డేటాబేసులోనైనా 480యే. లోకల్‌డేట్, లోకల్‌టైమ్ 2014లో జావా 8తో, జెపిఎలోకి 2017లో 2.2తో వచ్చాయి. ఇంకా పాత డేట్ క్లాసులు పట్టుకు వేలాడాల్సిన అగత్యం కొత్త ప్రాజెక్టుల్లో ఎవరికీ లేదు.

లైవ్‌కి వెళ్ళేముందు నాలుగు రికార్డులు చేత్తో ఎక్కించి చూస్తాను: తెల్లారి 5:25కి ఒక పంచ్, సోమవారం రాత్రి ఎక్కి మంగళవారం దిగిన ఒక సి-షిఫ్టు, జులై 2 పుట్టినరోజు ఒకటి, 1944 పుట్టినరోజు ఒకటి. తర్వాత సర్వరు టైమ్‌జోన్ మార్చి, రీస్టార్ట్ చేసి, ఆ నాలుగూ మళ్ళీ చదువుతాను.