శేషాచలపు పొరలు

తిరుపతి నుండి తిరుమలకు ఎక్కు కనుమదారిలో బస్సు మలుపు తిరిగినప్పుడెల్ల లోయలోని పట్టణమును చూచి ఆనందించు యాత్రికులలో అనేకులు, దారికొరకు తొలిచిన కొండగోడలో క్రింద ముద్దకట్టియున్న గ్రానైటు శిలయు, దానిపై పలకలుగా పేర్చినట్లున్న క్వార్ట్‌జైటు శిలయు కలిసికొను గీతను గమనింపక సాగిపోవుదురు. ఆ రెండు శిలల పుట్టుకకు నడుమ కోట్లాది సంవత్సరముల ఎడమున్నది; భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ ఆ కలయికను జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా గుర్తించినది. లండనులో నివసించుచున్న నేను, ఆ గీతను కాగితముతోను గుడ్డతోను ఒక మిశ్రమ మాధ్యమ ఫలకముపై నిలుపుటకు పూనుకొని, ఆ పనిలో తెలిసికొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాను.

ఈ కళలో రంగుకంటె స్పర్శ ముఖ్యము. గ్రానైటు గరుకుతనము కుంచెతో గీసినచో కంటికి మాత్రమే కనబడును. చేతితో చేసిన మందపు కాగితమును నీట తడిపి, పిండి, పిడికిట నలిపి, మరల మెల్లగా విప్పి, జిగురు పూసిన చెక్కపలకపై పరచి, వ్రేళ్లతో ముడతలను ఒత్తిపట్టి ఆరనిచ్చినచో ఆ గరుకుతనము వ్రేళ్లకును తెలియును. ఆరిన పిమ్మట దాదాపు పొడిగా నున్న కుంచెతో ఇటుకరంగును, బూడిదరంగును ముడతల శిఖరములపై మాత్రమే రాచవలెను. పల్లములు తెల్లగా మిగిలి, వెలుగు ప్రక్కనుండి పడినప్పుడు కాగితము శిలవలె లేచి కనబడును. ఇక పైభాగమున క్వార్ట్‌జైటు పొరలకై గుడ్డను కత్తెరతో గాక చేతితోనే చించితిని. ఏలయన, చించిన అంచున పోగులు విడివడి, ఒక పొర మరియొక పొరలోనికి ఒదిగిపోవును.

ఆ గుడ్డ శ్రీకాళహస్తి కలంకారీ పీలిక. పెద్ద వస్త్రము కత్తిరించగా మిగిలినది. దానిని చించుటకు ముందు దాని పుట్టుక ఎట్టిదో తలచుకొనుట ధర్మమని నా విశ్వాసము. కలంకారీని మచిలీపట్నపు పనివారు చెక్క అచ్చులతో అద్దుదురు. స్వర్ణముఖీతీరమందలి శ్రీకాళహస్తి పనివారు వెదురుకలముతో గీయుదురు. కోరా నూలుగుడ్డను కరక్కాయ రసములోను పాలలోను ముంచి ఎండబెట్టి, చింతబొగ్గుతో బొమ్మను గుర్తించి, తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరవేసిన ద్రవముతో దానిపై గీతలు దిద్దుదురు. గీసినప్పుడు పలుచగా నుండు ఆ ద్రవము కరక్కాయ వగరుతో కలిసి చూచుచుండగనే నల్లబడును. పాలలోని క్రొవ్వు గీతను అటునిటు ప్రాకనీయదు. ఎఱ్ఱన కావలసినచోట పటికనీరు పూసి, వేళ్లతోను బెరడులతోను కాచిన రంగులో ఉడికించి, పారు నీట ఉతుకుదురు. ఈ విద్య క్షీణించుచుండగా 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము వెలసినది. దీనికి కమలాదేవీ చటోపాధ్యాయ కృషి మూలము. దీనిని జీవితకాలము సాధన చేసిన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించినది.

అంతటి శ్రమ నింపుకొన్న గుడ్డను పలకకు శాశ్వతముగా బిగించివేయుట నాకు సమ్మతము కాలేదు. బజారులో దొరకు తెల్లని ప్లాస్టిక్ జిగురు సులువైనదే గాని, ఒకసారి నూలులోనికి ఇంకినచో మరల విడదు. అందుచేత గోధుమపిండిని సన్నని సెగపై కలియబెట్టుచు కాచిన గంజినే వాడుచున్నాను. తడి తగిలినచో అది మెత్తబడి గుడ్డను విడిచిపెట్టును. పురుగు పట్టకుండ మన పుస్తకములకు అట్టలు కట్టువారు గంజిలో మైలుతుత్తము కలుపుట కలదు గాని, రాగి లవణము చెట్టు రంగులను మార్చునది కావున దానిని మానివేసి, ఏనాటి గంజి ఆనాడే కాచి, పలచగా పూసి, ఈ దేశపు చెమ్మలో ఫలకమును గాలి తగులునట్లు నిలిపి ఆరబెట్టుచున్నాను.

ఈ జాగ్రత్త అవసరమని లండను మ్యూజియములే నేర్పినవి. కోరమాండల్ తీరపు వస్త్రములపై ఇంగ్లండు ప్రజల మోజు ఎంతటిదనగా, తమ నేతగాండ్ర మేలుకోరి ఇక్కడి పార్లమెంటు 1721లో అద్దకపు నూలుబట్టలను ధరించుటనే నిషేధించినది. నేడు అట్టి వస్త్రములనే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియము పదిలముగా దాచి చూపుచున్నది. ఆనాటి వస్త్రములలో ఇనుముతో తీర్చిన నల్లని గీతలున్నచోటనే నూలు ముందుగా చివుకుట కలదు; బొమ్మకు రూపమిచ్చిన ఇనుమే గుడ్డకు శత్రువగును. ఆ కారణముచేతనే నేను నల్లగీత లున్న పీలికల క్రింద పలుచని కాగితమును ఊతగా పరచుచున్నాను, ఫలకమును కిటికీ ఎండ సోకని గోడకే తగిలించుచున్నాను.

విదేశములందు మన పిల్లలకు ఇట్టి ఫలకములు చేయుట నేర్పు తల్లిదండ్రులు కలరు. వారికి నా విన్నపము ఒక్కటే: కలంకారీ పీలికలను రంగు కాగితముగా ఎంచక, పనివారివద్దనే తగిన వెల యిచ్చి కొని, ఏ యూరి గుడ్డయో, కలముతో గీసినదో, అచ్చుతో అద్దినదో, ఏ జిగురుతో అంటించితిమో ఫలకము వెనుక పిల్లలచేతనే తెలుగున వ్రాయింపుడు. ఆ నాలుగు పంక్తులు వ్రాసిన పిల్లకు శ్రీకాళహస్తి వట్టి పేరుగా మిగులదు. అక్కడ ఏమి చేయుదురో, ఎట్లు చేయుదురో తెలిసిన ఊరగును.