దివి నుండి దీవికి

మా వీధిలోని యొక కుఱ్ఱవాడు ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని యేడాది తిరుగకమునుపే అండమానులో ఉద్యోగము సంపాదించుకొనెనని విని సంతోషించితిని గాని, ఆ సాయంకాలము వానిని అభినందింప వచ్చిన పెద్దలందఱును ఒకరి తరువాత నొకరుగా "అదృష్టవంతుడివిరా, జీతమిచ్చి మరీ విహారయాత్రకు పంపుతున్నారు" అనుట విన్న కొలదియు నా మనస్సు చివుక్కుమనుచు వచ్చినది. వాడు తన ఫోనులో నీలిసముద్రమును, తెల్లని యిసుకను, నీటిమీదికొరగిన కొబ్బరిచెట్టును నాకు చూపి, "తాతగారూ, మీరక్కడ పనిచేశారట కదా, ఏ బీచి బాగుంటుందండీ?" అని యడిగెను. "రెండు పెద్ద బిందెలు కొనుక్కొని వెళ్ళు నాయనా" అంటిని. వాడు నవ్వెను. పోర్టు బ్లెయిరును 2024లో శ్రీవిజయపురముగా మార్చిరి గనుక, విజయవాడనుండి విజయపురమునకే కదా పోవుచున్నాడని మఱియొకరు చమత్కరించిరి. నేను లేచి యింటికి వచ్చితిని. ఆ చిరాకు ఇంకను తీఱలేదు.

నేను 1976లో వెళ్ళితిని. విజయవాడలో బి.యస్సీ. ముగించి, రెండేండ్లు దరఖాస్తు ఫారములు చంకబెట్టుకొని గవర్నరుపేట వీధులు తిరిగి, తుదకు పోర్టు బ్లెయిరులోని యొక కార్యాలయమున గుమాస్తా పని దొరికినదని యుత్తరువు వచ్చినపుడు, మా నాయన దానిని రెండుమార్లు చదివి, మడచి, దేవుని గూటిలో పెట్టి, రెండు దినములు ఎవరితోను మాటలాడలేదు. ఆయన యెఱిగిన అండమాను వేఱు. అల్లూరి సీతారామరాజు 1922-24లలో నడపిన పోరున పట్టువడిన మన్యపు వీరులను సముద్రము దాటించి పంపిన చోటది. అచ్చట శిక్ష ననుభవించి తిరిగివచ్చిన గాము మల్లుదొర 1952లో లోకసభకు ఎన్నికైనపుడు, చచ్చి బ్రతికినవానిని చూచినట్లు జనులు చెప్పుకొనిరని ఆయనయే మాకు చిన్ననాట చెప్పియుండెను. కాలాపాని యను పేరులోనే నీరున్నది. నల్లని నీరు! త్రాగుటకు పనికిరాని నీటికి ఇంతకంటె తగిన పేరు ఎవడు పెట్టగలడు?

మదరాసులో ఓడ యెక్కి, బంకు తరగతిలో ఇనుప మంచముపై మూడు దినములు దొరలుచు, వేయికిపైగా కిలోమీటర్లు పోయితిని. ఓడలో నందఱును నన్ను మెట్టప్రాంతమువానివలె భయపడుచున్నానని యనుకొనిరి. నేను పుట్టినది దివిసీమ. పులిగడ్డకడ కృష్ణ రెండుగా చీలి, మా నేలను కౌగిలించుకొని సముద్రమున కలియును. దివి యన్నను దీవి యన్నను ద్వీపమే. మా దాపుననే హంసలదీవి యున్నది. కనుక నేను దీవినుండియే దీవికి పోయినవాడను. అయినను పుట్టి యిరువదిరెండేండ్లవఱకు నేను దీవిలో నున్నానను తలపే నాకు రాలేదు. దానికి కారణము కాలువ.

కాలువనుగూర్చి తెలియనివారికి చెప్పవలసినది చాల గలదు. మహాబలేశ్వరపు కొండలలో కురిసిన వాన వేయికిపైగా కిలోమీటర్లు నడచి ఇంద్రకీలాద్రి పాదమునకు వచ్చునప్పటికి, దానిని నిలిపి, తలుపు తీసి, ఎడమకొంత కుడికొంత పంచిపెట్టు ఏర్పాటు 1855లో ఆనకట్టతో మొదలైనది. 1952లో ఆ కట్ట తెగినది. మరల 1957 నాటికి ప్రకాశము బరాజు నిలిచినది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ, ఇవి బెజవాడ నడుమనుండి పోవుచుండగా, వంతెనమీద నిలిచి వానిని చూడని విద్యార్థి లేడు. మా వాటా నీరు కరకట్ట వెంబడి వచ్చి, పులిగడ్డ అక్విడక్టుమీదుగా నది నెక్కి దాటి దివిలోనికి దిగును. క్రింద కృష్ణ, పైన కృష్ణ! క్రిందిది సముద్రమునకు, పైది మా నారుమళ్ళకు. ఇంత చక్కని కట్టడమును చూడ ఎవరును కెమెరా పట్టుకొని రారు. వేసవిలో "కాలువ కట్టేస్తారట" అను వార్త వచ్చిన వెంటనే ఊరి మంచినీళ్ళ చెఱువును నింపి గట్టున కావలి పెట్టుదురు. జూనులో "కాలువ వదిలారు" అను కేక వినబడినపుడు పిల్లలము పరుగెత్తి, ఎండిన అడుగుమీద నురుగుతో, చితుకులతో, చీమలతో ప్రాకి వచ్చు ఆ మొదటి నీటికి ఎదురుగా నిలిచి, అది పాదములు తాకువఱకు కదలకుండెడివారము. ఆ నీరు ఎఱ్ఱగా నుండును. మా యమ్మ కడవలోపల చిల్లగింజ నరగదీసి రాత్రియంతయు నుంచగా, తెల్లవారునప్పటికి మడ్డి క్రిందకు దిగి, పైనీరు గాజువలె తేఱియుండెడిది. ఆ నీటి రుచి యే సీసాలోనిదియు నెఱుగదు. ఈ విషయమున నాతో వాదింపవచ్చినవారెవ్వరును ఆ నీరు త్రాగినవారు కారు.

పోర్టు బ్లెయిరులో ఏడాదికి మూడువేల మిల్లీమీటర్ల వాన, అనగా విజయవాడకు సుమారు మూడింతలు. మే నుండి ఆకాశము చిల్లిపడినట్లు కురియును. కాని ఆ నేల యంతయు కొండవాలు. పడిన చినుకు నిలువక, వాగులోపడి, గడియలో ఉప్పునీటిలో కలిసిపోవును. కనుక ఫిబ్రవరి దాటినచో నల్లాకడ బిందెల వరుస మొదలగును. నేనున్న జంగ్లీఘాటులో శ్రీకాకుళము, విశాఖపట్టణముల తీరమునుండి వచ్చిన జాలరి కుటుంబము లెక్కువ. ఆ దీవులలో బంగ్లా, హిందీ, తమిళముల తరువాత నెక్కువమంది మాటలాడునది మన తెలుగే. నా గది ప్రక్కనున్న ముసలమ్మ చీకటితోనే తలుపు తట్టి, "ఏటి బావూ, ఇంకా తొంగున్నావేటి? నీల్లొచ్చినాయి" అని లేపెడిది. నేను కార్యాలయమున చిక్కుకొన్నచో నా బిందె కూడ తానే నింపి గడపలో పెట్టెడిది. మొదటి నెల జీతమునుండి నేను కొన్న వస్తువు మూతగల డ్రమ్ము. వానకాలమున రేకుల చూరుక్రింద దానిని నిలిపి, ఆ డబడబ ధ్వని వినుచు పడుకొనుట నా సంపద లెక్కపెట్టుకొనుటగా నుండెడిది.

అచ్చట ప్రొద్దు కూడ ముందే క్రుంకును. మన దేశపు గడియారము కాకినాడ దాపుననుండి పోవు ఎనుబదిరెండున్నర డిగ్రీల రేఖనుబట్టి నడచును. ఆ దీవులు దానికి పది డిగ్రీలు తూర్పున నున్నవి. కార్తికమాసమున ఐదు కొట్టకుండగనే దీపములు పెట్టవలసివచ్చుచుండగా, ఆ దీర్ఘరాత్రులలో రేడియోకు చెవి యానించి విజయవాడ కేంద్రమును వెదకుటయే నా పని. గరగరల నడుమ రెండు తెలుగు మాటలు దొరికినచో చాలును. లేనిచో ఇంటికి ఉత్తరము వ్రాసెడివాడను. ప్రతి యుత్తరమునను నీటిగోడే.

1977 నవంబరు నడుమ మాకు దక్షిణముగా, కొన్నివందల కిలోమీటర్ల దూరమున వాయుగుండము పుట్టినదని రేవులో చెప్పుకొనిరి. మా ముంగిట గాలి వీచెను, వాన కురిసెను, నా డ్రమ్ము నిండెను. డ్రమ్ము నిండినందుకు నేను సంతోషించితిని. ఆ గాలియే పడమరకు పోయి, ముదిరి, వాయవ్యమునకు తిరిగి, 19వ తేదీ శనివారమునాడు సముద్రమును మా దివిమీదికి ఎత్తిపోసెను. సొర్లగొంది యను పేరు రేడియోలో ఢిల్లీవారి నోట విన్నపుడు నేను కూర్చున్నచోటనుండి లేవలేకపోయితిని. మాకు తప్ప నొరుల కక్కఱలేని ఆ చిన్ని పల్లె పేరు అంతదూరమున నొకరు పలుకవలసివచ్చినదనిన, అచ్చట నేమియు మిగులలేదని యర్థము. పదివేలమంది యని యొక లెక్క, అంతకు మించి యని యొక లెక్క. తంతితీగెలు తెగినవి, ఉత్తరములు లేవు. ముసలమ్మ నా గడపలో కూర్చుండి, ఏ మాటయు అనక, చీకటిపడువఱకు నాకు తోడుండెను. ఓడ దొరకుటకు పదునొకండు దినములు పట్టినది.

ఆ మూడు దినముల ప్రయాణమున నేను సముద్రమువంక చూడలేదు.

పులిగడ్డ దాటినపిమ్మట మనుష్యులు తక్కువగను, వాసన యెక్కువగను ఉండెను. చెట్లకు చీరపేలికలు వ్రేలాడుచుండెను. సముద్రమునకు చేరువనున్న మా మేనత్తయు, ఆమె యిద్దఱు కోడండ్రును లేరు. పేర్లు అడుగుటకు ముందే మా నాయన తల యూపెను. మాయింటివారు ఊరి డాబాపై నెక్కి బ్రతికిరి. మంచినీళ్ళ చెఱువు గట్టువఱకు నిండియున్నది. అలవాటున దోసిలి పట్టి నోట పోసికొంటిని, ఉప్పు. ఎక్కడినుండియో లారీలో తెచ్చిన నీరు ఇంటికి రెండేసి బిందెలు పోయుచుండిరి. మా యమ్మ ఆ బిందెనుండి ఒక చుక్కయు నేల పడనీయక చెంబులో సగముమట్టునకు వంచి, నా చేతికందించి, "అక్కడ నీళ్ళకు కటకటగా ఉందని రాశావుగా నాయనా, ముందు నువ్వు తాగు" అనెను.